నీలవేణి నోరు విప్పని సినిమా

‘మాటలు లేని హాస్య చిత్రాల పండగ’ అని బ్యానరు కట్టి, దాని కిందే వరసగా మైకులు నిలబెట్టినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి. నేనైతే ఆ రోజు అనాల్సినవన్నీ మనసులో అనేసుకున్నాను. పైకి అంటే మా వదిన సినిమా వెయ్యకుండా ఇంటికి పంపేస్తారని భయం.

నా పేరు రమేష్‌బాబు. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీసుకుంటూ బతుకుతున్నాను. మా అన్నయ్య ఎర్రన్న చేపల వేటకి వెళ్లని రోజుల్లో ఆటో తోలుతాడు. వదిన నీలవేణి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. ఏ ఇంట్లో ఎవరెలా బేరమాడారో, బేరం కుదిరాక మొగుడి మీద పెళ్లాం ఎలా కళ్లెర్రజేసిందో, ఒక్క మాట అనకుండా ఒంటితోనే చేసి చూపించేది. చూసినవాళ్లు కడుపు పట్టుకుని కూలబడిపోవాల్సిందే.

ఆ సంగతి ఎలా తెలిసిందో, ఒక టీవీ నవ్వుల కార్యక్రమంవాళ్లు పిలిచారు. వదిన వెళ్లింది. ఒళ్లు హూనమయ్యేలా పడింది, లేచింది, దొర్లింది. ఆ పుణ్యాత్ములు అదంతా కత్తిరించి అవతల పారేసి, మధ్యలో ఎక్కడో ఆమె అన్న “నానేటి సేసినాను బాబూ?” అన్న ముక్క ఒక్కటే ఉంచి, దాన్నే తిప్పి తిప్పి వేశారు. ఇక చూడండి మా బజారు! చేప ధర అడిగేవాడూ అదే, బస్సు దిగేవాడూ అదే, “నానేటి సేసినాను బాబూ” అని మూతి తిప్పడం. అనేదెవరు? పొద్దున లేస్తూనే ఇంట్లో పెళ్లాంతో అదే యాసలో మాట్లాడేవాళ్లు! సిగ్గు లేకపోతే సరి.

వదిన బజారులో నోరు మూసేసింది. ధర వేళ్లతో చూపించడం, తల అడ్డంగా ఊపడం, అంతే. ఇంట్లోనూ మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం స్టూడియోలో కూర్చోబెట్టి, నూరేళ్ల కిందటి మూగ హాస్యాలు కంప్యూటర్లో పెట్టాను. టోపీలవాళ్లు మేడ మీంచి జారిపోతున్నారు, గౌన్లమ్మలు కదిలే బండి పట్టుకుని వేలాడుతున్నారు, ఒకడి మొహం మీద కేకు వచ్చి పడింది. వదిన ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి, చేప కొనేముందు మొప్పలు చూసినంత శ్రద్ధగా చూసింది.

“ఈల్లకి బదులు ఇంకెవులైనా పడతారేటి మరిదీ?”

“చాలామంది వాళ్లే పడేవారు వదినా. ఎముకలు కూడా వాళ్లవే.”

“ఆ గౌనమ్మ సూడు. పడకముందే మొకంలో పడిపోనాది. అందుకే నవ్వొస్తాది.” బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. “మరి మాటల సినిమాలొచ్చాక ఈల్లేటయిపోనారు?”

“కొందరు నెగ్గుకొచ్చారు. కొందరికి పని పోయింది. గొంతు బాగోలేదన్నారు, యాస బాగోలేదన్నారు.”

“అక్కడా ఇదే గోలేటి!” అంది వదిన. ఆ గౌనమ్మ తన సొంత అప్పచెల్లెలైనట్టు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మనం ఒకటి తీద్దాం మరిదీ. ఒక్క మాట ఉండకూడదు. జనం నవ్వితే నా పనికి నవ్వాల. అలగ ఒక్కపాలి నవ్వితే సాలు, బజార్లో మల్లీ నోరిప్పుతాను.”

తీశాం. కథ చిన్నదే. చేపలావిడ ఆటో ఎక్కబోతే లోపల జాగా లేదు. తట్ట ఆటో టాపు మీద పెట్టి చేత్తో పట్టుకుంటుంది. ఈలోగా డ్రైవరు, అంటే మా అన్నయ్య, బండి కదిపేస్తాడు. తట్ట ఒదిలితే చేపలు పోతాయి, ఒదలకపోతే పరుగు తప్పదు. ఊరంతా ఆటో పక్కనే పరుగు. మధ్యలో డ్రైవరు ఆమెనీ ఛార్జీ అడుగుతాడు. చివర స్పీడుబ్రేకరు. అక్కడ పడే పాటు కోసం వదిన నడుముకి నూనె రాసుకుంటూ వారమంతా పడింది. అన్నయ్య “ఒసే, నడుం ఇరిగితే మీ అయ్యకి నానేటి సెప్పాల?” అని మొత్తుకుంటూనే మళ్లీ బండి వెనక్కి తెచ్చేవాడు.

విజయనగరంలో ఈ పండగ పెడుతున్నారని తెలిసి సినిమా పంపాం. రమ్మన్నారు. పండగ పెద్ద ధనరాజు గారు స్థలాల వ్యాపారి. ఆయనకి కళలంటే ప్రాణం, మైకంటే అంతకన్నా ప్రాణం. దీపం వెలిగించాక ఆయన మౌనం గొప్పదనం గురించి మొదలెట్టారు. ముఖ్య అతిథి మౌనం లోతు గురించి అందుకున్నారు. శాలువాలు కప్పినవాళ్లూ కప్పించుకున్నవాళ్లూ తలా కాస్త మౌనం గురించి మాట్లాడారు. ముందు వరసలో ఒక పెద్దాయన ఒక్కడే దాన్ని ఆచరణలో పెట్టి గురక తీస్తున్నాడు.

మధ్యలో టీ ఇచ్చారు. అక్కడ మిమిక్రీ ఈశ్వర్ కలిశాడు. పాతపట్నం కుర్రాడు. “ఏటన్నా, ఎప్పుడొచ్చినారు? వదిన బాగున్నాదా?” అని ఆప్యాయంగా పలకరించాడు. ఇతనికిక్కడ ఏం పనో అని నేను అనుకోనైనా లేదు. నా బుర్ర మండిపోనూ.

ఎట్టకేలకు దీపాలార్పి మా సినిమా వేశారు. తెర మీద వదిన తట్టతో వచ్చింది. పక్కన వదిన నా చెయ్యి పట్టుకుంది. అంతలో స్పీకర్లలోంచి ఒక గొంతు. “ఓలమ్మో! నానేటి సేసినాను బాబూ! ఆటో ఆపరా సచ్చినోడా, నా సేపలు ఎల్లిపోతన్నాయి!” ఈశ్వర్! వేదిక వారన మైకు పట్టుకుని, ముక్కుతో సాగదీసి, వెటకారం పోసి, మేమెవరం ఎన్నడూ మాట్లాడని మా యాసలో! హాలు గొల్లుమంది. నేను వేదిక దగ్గరికి పరిగెత్తాను.

“ధనరాజు గారూ, ఇది మూగ సినిమా అండీ! మాటలుండకూడదు!”

“మాకు తెలుసులేవయ్యా,” అన్నారాయన చల్లగా. “మాటల్లేకపోతే జనం లేచి పోతారు. శ్రీకాకుళం సినిమాకి యాస పెట్టకపోతే ఇంకేం పెడతాం?”

ఇది చెప్పిన మనిషిది ఆమదాలవలస, అదీ శ్రీకాకుళం జిల్లాయే. వెనక్కి తిరిగి చూస్తే జనం తెర కేసి చూడటం లేదు. ఈశ్వర్ కేసి తిరిగి నవ్వుతున్నారు. అక్కడ వదిన ప్రాణాలు ఉగ్గబట్టి పరిగెడుతోంది, చూసే నాథుడు లేడు.

కుర్చీలో వదిన లేదు. ఏడుస్తూ బయటికి పోయిందనుకున్నాను. లేదు. వేదిక పక్కన మైకుసెట్టు పెట్టె దగ్గరుంది. తీగ ఏదో ఒకటి చూసుకుని, వల లాగినట్టు రెండు చేతులా లాగిపారేసింది.

ఈశ్వర్ నోరు ఆడుతోంది, మాట లేదు. ధనరాజు గారు కంగారుగా తెర ముందుకొచ్చి మైకు తీసుకుని ఏదో అరిచారు. అదీ చచ్చిందే. మైకుని కొట్టారు, ఊదారు, చేతులూపారు. తెర మీద పరిగెడుతున్న మా అన్నయ్య ఆటో ఆయన తెల్లచొక్కా పొట్ట మీదుగా వెళ్లిపోయింది. జనం ఒకటే నవ్వు. ఆ పండగలో పడ్డ మొదటి సిసలైన మూగ హాస్యం అదే. ఎవరో చెయ్యి పట్టుకుని ఆయన్ని పక్కకి లాగారు.

ఇక తెర మీద వదిన ఒక్కతే. హాలు చప్పుడు లేదు. నవ్వకపోతే? ఈశ్వర్ గొంతుకే నవ్వారని తేలిపోతే? వదిన గోడకానుకుని, తెర కాదు, జనాన్ని చూస్తోంది. తెర మీద డ్రైవరు ఛార్జీకి చెయ్యి చాపాడు. పరిగెడుతున్న చేపలావిడ వాడి చేతికేసి చూసి, తన కాళ్లకేసి చూసుకుంది. వెనక వరసలో ఒక ముసలమ్మ కిసుక్కుమంది. ఆ పక్కన ఇంకొకరు. స్పీడుబ్రేకరు దగ్గర వదిన పడ్డప్పుడు చూడాలి! హాలు హాలంతా కుర్చీలు విరిగేలా నవ్వింది. గురకాయన కూడా లేచి నవ్వాడు. ఈశ్వర్ చచ్చిన మైకు చేత్తో పట్టుకునే పడీ పడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

తీగ తిరిగి పెట్టారు. బహుమతులు మొదలయ్యాయి. షీల్డులు కొట్లో సెట్టుగా కొనుక్కొచ్చారట, అన్నీ ఇచ్చెయ్యాలి. ఉత్తమ నటుడి షీల్డు పండగకి డబ్బిచ్చిన పెద్దమనిషి బామ్మర్దికి పోయింది. మా వంతు వచ్చింది. ధనరాజు గారు గొంతు సవరించుకున్నారు.

“ఉత్తమ సంభాషణలు, నీలవేణి!”

మూగ సినిమాకి! ఆయన మొహంలో ఎక్కడా తేడా లేదు. వదిన వెళ్లి షీల్డు అందుకుంది. “నీ యాసలో రెండు ముక్కలు మాట్లాడమ్మా, జనం సరదా పడతారు,” అని ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. హాలంతా నవ్వడానికి తయారైపోయింది. పిల్లలు అప్పుడే మూతులు తిప్పుతున్నారు.

వదిన షీల్డుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత దాన్ని తీసుకెళ్లి ధనరాజు గారి చేతిలోనే పెట్టింది.

“ఇది నువ్వే ఉంచుకో బాబూ,” అంది నెమ్మదిగా, ఇంట్లో మాట్లాడినట్టే. “పొద్దున్నుంచీ మాటలన్నీ నీయే కదా.”

హాలు అదిరిపోయింది. జనం ధనరాజు గారిని చూసి నవ్వుతున్నారు. వదిన వాళ్లకేసి చూసి మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“ఉండండి,” అంది. “ఇంకా ఉన్నాది, సెప్తాను.”