ముక్కల్లో నిలవని పిట్టలు

పాలు వడగట్టిన గుడ్డ పిండుతుంటే యశోద తలలో ఒక వాక్యం మొదలైంది. సగం దాకా వచ్చింది కూడా. "యశోదా, చాయ్‌పత్తి ఏడ వెట్టినవ్?" అని అత్త రాజమణి వంటింట్లోంచి కేకేసింది. చాయ్‌పత్తి దొరికింది, వాక్యం పోయింది.

పురానాపూల్‌లో పాల వ్యాపారం చేసే ఇంటి కోడలు పీహెచ్‌డీ చదువుతోందంటే వాడకట్టంతా గొప్పే. చదవనిచ్చేవాళ్లే లేరు. ఆమె పరిశోధన పిట్టల మీద. మూసీ ఒడ్డున, శ్మశానాల్లో, పాత తోటల్లో మిగిలిన పచ్చటి ముక్కలన్నీ తిరిగింది. చిన్న ముక్క ఎక్కడ చూసినా అవే కాకులు, అవే గోరింకలు. మనిషి అలికిడి అంచుల్లోంచి నడిమి దాకా వచ్చేస్తుంది. పొదల్లో దాక్కుని బతికే బెదురు పిట్టలకు లోపలంటూ ఒకటి ఉండాలి. అవి అన్నిటికంటే పెద్దదైన ఒక్క తోటలోనే కనిపించాయి. చిన్నవన్నీ కలిపితే జాగా అంతకంటే ఎక్కువే, బెదురు పిట్ట మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకో వివరించే ఆఖరి అధ్యాయమే మిగిలింది. నెలాఖరుకు ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామని యూనివర్సిటీ వాళ్లు చెప్పేశారు.

"ఎందుకు ఫికర్? పొద్దుగాల ఇంత, పోరగాడు బడికి పోయినంక ఇంత, పండుకునే ముందు ఇంత. అన్ని కలుపుకుంటే మస్తు టైమున్నది నీకు" అన్నాడు మొగుడు వేణుగోపాల్, పేపర్లోంచి తలెత్తకుండానే.

యశోదకు ఒళ్లు మండింది. ఆ ముక్కల్లో ఏం వాలతాయో ఆమెకు తెలుసు. కొడుకు పింటూ చొక్కాకు ఊడిన గుండీ, నిండుకున్న దాణా, రేపటి కూర. బెదురుతూ వచ్చే ఆలోచన చిన్న పిలుపుకే లేచిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ ఆపేసి అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్లిపోయింది. కూర్చుందన్న మాటే గానీ, పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయినట్టు మాటిమాటికీ లేస్తూనే ఉంది. ఎవరూ పిలవకపోయినా తనను తానే పిలుచుకుంటోంది. ఇక్కడికొచ్చినా ఇల్లు తనను వదల్లేదని ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాటాక గానీ కలం కదల్లేదు.

చీకటి పడ్డాక వచ్చేసరికి ఇంట్లో లొల్లి సిద్ధంగా ఉంది.

"పొద్దంత బోయి ఎంత రాసినవ్?" అంది రాజమణి.

"ఒక్క పేజీ, అత్తా."

"గంతేనా! గా ఒక్క పేజీ ఇంట్ల గూసోని రాయరాదా?"

"ఇన్నేండ్లు ఇంట్లనే గూసున్న గదా. గీ ఆఖరి అధ్యాయంల ఒక్క పేజీ గూడ రాయలే. రేపు గూడ పోత."