ఎస్తేరమ్మ ఫోనుకు అంటించిన నంబరు

పేరు అక్కర్లేదని గోడకు అంటించింది మీరే. పేరు పట్టుకుని మనిషిని గేటు బయటికి నెట్టిందీ మీరే. దొంగకైనా కాస్త సిగ్గుంటుంది, మొహానికి గుడ్డ కట్టుకుంటాడు. మీరైతే నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మతో రంగుల పోస్టరు అచ్చు వేయించి, మీ కంపెనీ హిందూపురం బట్టల ఫ్యాక్టరీలోనూ ధర్మవరం ఫ్యాక్టరీలోనూ మంచినీళ్ల కుళాయి పైన అతికించారు. ‘పేరు అక్కర్లేదు. భయం అక్కర్లేదు. మీ మాట చాలు.’ కింద ఫిర్యాదు రాసే వెబ్‌సైటు అడ్రసు.

జరిగిందేమిటో మీకు తెలుసు. చదివేవాళ్లకూ తెలియాలి కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

పెనుకొండ నుంచి హిందూపురానికి పొద్దున్నే మీ కంపెనీ వ్యాను వస్తుంది. వెనక వరుసలో రొద్దం దారి పల్లెల ఆడవాళ్లు కూర్చుంటారు. ఆ వరుసకంతటికీ ఒకటే ఫోను, ఎస్తేరమ్మది. మిగతావాళ్లకు ఫోన్లు లేక కాదు. ఒకామెది మొగుడి జేబులో ఉంటుంది, ఒకామెది పిల్లల చదువుకని ఇంట్లో ఉంటుంది, ఇంకొకామె దాంట్లో రీఛార్జి ఉండదు. ఎస్తేరమ్మ కొడుకు మాత్రం తల్లి ఫోను ఎండనివ్వడు. అందుకని జీతం స్లిప్పు చూడాలన్నా, సెలవు మిగిలి ఉందో లేదో చూడాలన్నా ఆ ఫోనే చేతులు మారుతుంది. ఎవరి ఐడీ నంబరు వాళ్లు కొట్టి, చూసుకుని, పక్కామెకు అందిస్తారు. నీళ్ల బాటిల్ అందించినంత మామూలుగా.

జీతం స్లిప్పు ఉండేదీ, ఫిర్యాదు రాసేదీ ఒకే వెబ్‌సైటులో. అలా ఎందుకు కలిపి పెట్టారో అప్పుడు మాకెవరికీ తోచలేదు.

ఇక ఫిర్యాదు. మీ ఫ్యాక్టరీలో కుట్టుపని మధ్యలో బాత్రూముకు పోవాలంటే మెడలో పాసు వేసుకోవాలి. కుట్టు మిషన్ల లైను మొత్తానికీ ఒకటే పాసు. అది సూపర్‌వైజరు జేబులో ఉంటుంది. అడిగితే ‘ఇప్పుడే కదమ్మా పోయొచ్చింది’ అని పదిమందికీ వినబడేలా నవ్వుతాడు. ఆ నవ్వు పడలేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. మీ పోస్టరు కింద కుళాయి ఎండిపోయి ఉంది, చూసుకోండి. ఒకామెకు మూత్రంలో మంట, ఒకామెకు జ్వరం. వ్యానులో తలా ఒక మాట చెబితే, ఒకామె ఎస్తేరమ్మ ఫోనులో కొట్టి పంపింది. ఎవరి వేలు నొక్కిందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

మరునాడు ప్రమీల అదే ఫోనులో జీతం స్లిప్పు చూసుకుంది. కాలర్లు కుట్టే ప్రమీల. ఆమె భర్త లారీ మీద నుంచి పడి నడుము విరిగి ఇంట్లో ఉన్నాడు, ఆ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. స్లిప్పు చూసుకోవడం తప్ప ఆమె చేసిందేమీ లేదు. దానికి సస్పెండ్ చేశారు. ఆ భయంతో ఎస్తేరమ్మ ఫోనులో మీ వెబ్‌సైటు మళ్లీ ఎవరూ తెరవలేదు.

విచారణకు ప్రమీల తరఫున నేను వెళ్లాను, కార్మిక సంఘం మనిషిగా. సాక్షిగా ఎస్తేరమ్మ వచ్చింది, ఫోను కొంగులో పట్టుకుని. చల్లటి గది, గోడకు పెద్ద టీవీ. ఒక పక్క మీ మేనేజరు ప్రేమ్ కుమార్. ఇంకో పక్క ఆ వెబ్‌సైటు తయారుచేసిన దుర్గాప్రసాద్, ఒళ్లో ల్యాప్‌టాప్. ప్రమీలకు కుర్చీ వేయలేదు.

“ఫిర్యాదు చేసినందుకు కాదమ్మా ఈ విచారణ” అన్నాడు ప్రేమ్ కుమార్. “తప్పుడు ఫిర్యాదుతో కంపెనీ పరువు తీసినందుకు.”

“నేను రాయలేదు సార్.”

“నువ్వు చెప్పడం దేనికి, అదే చెబుతుంది చూడు.”

ల్యాప్‌టాప్‌కు కలిపిన టీవీ మీద ఆ ఫిర్యాదు ఉంది. దాని పక్క గడిలో ప్రమీల పేరు.

“పేరు అక్కర్లేదన్నారు. ఈ పేరు ఎక్కడిది?” అని అడిగాను.

దుర్గాప్రసాద్ ఉత్సాహంగా ముందుకు జరిగాడు. “మేం పేరు అడగలేదు మేడమ్. ఎవరైనా మా పేజీ తెరిస్తే వాళ్ల ఫోనులో ఒక నంబరు దాచిపెడతాం. మళ్లీ తెరిచినప్పుడు ఆ నంబరే చూపిస్తుంది. మనిషెవరో తెలియకపోయినా, నిన్న వచ్చిందీ ఈరోజు వచ్చిందీ ఒకటే ఫోను అని తెలుస్తుంది. తర్వాత ఎప్పుడో ఒకసారి ఐడీ కొట్టి లోపలికొస్తారు కదా. అప్పుడు పేరు ఆ నంబరుకు అతుక్కుంటుంది. అంతకుముందు చేసినవన్నీ కూడా ఆ పేరు కిందికి వచ్చేస్తాయి.”

“గొర్రె వీపు మీద రంగు పూసి వదిలేసి, సాయంత్రం ఎవరి దొడ్లోకి దూరుతుందో చూసి, ఆ ఇంటాయన్ను పట్టుకోవడమన్నమాట.”

“అంతే మేడమ్, కరెక్ట్‌గా చెప్పారు” అన్నాడు. మెచ్చుకున్నాననుకున్నాడు పాపం.

ఎస్తేరమ్మ గొంతు సవరించుకుంది. “ఏమప్పా సారూ, ఆ ఫోను నాది. మా వరుసోళ్లంతా దాంట్లోనే జీతం చూసుకుంటారు. ఇది ఒక్కతే ఏం పాపం చేసినాది?”

“ఎవరెవరో కంప్యూటర్‌కు తెలుసులేమ్మా” అన్నాడు ప్రేమ్ కుమార్.

“ఫోను పట్టుకున్న చెయ్యి ఎవరిదో దానికి తెలుస్తాదా?”

“తెలుస్తుంది.”

“ఇన్నేండ్లు కాపురం చేసినా మా ఇంటాయనకే నా చెయ్యి తెల్దు. దానికెట్ల తెలుస్తాదప్పా.”

ప్రమీల కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ప్రేమ్ కుమార్ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. ఇలాంటి మనుషులు గొంతు తగ్గించినప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

“సరే ప్రమీలా. నువ్వు రాయలేదు, ఒప్పుకుంటా. రాసిందెవరో చెప్పు. రేపే పనిలోకి రా. ఇక్కడ ఇబ్బందైతే ధర్మవరం ఫ్యాక్టరీకి మారుస్తా. ఇంట్లో ఆయన పరిస్థితి నాకు తెలుసు కదా.”

ఇంట్లో మంచం మీదున్న మనిషిని బేరంలోకి లాగాడు. ప్రమీల టీవీ మీద తన పేరు మళ్లీ చదువుకుంది. ఒక్క పేరు చెబితే చాలు, ఆమె కష్టం తీరిపోతుంది. నేను ఆమె మొహం చూడలేక కిందికి చూశాను.

“పేరు అక్కర్లేదని మీరే గదా సార్ రాసినారు” అంది చివరికి. “ఇప్పుడు ఏంటికి అడుగుతాండారు?”

ప్రేమ్ కుమార్‌కు కోపం వచ్చింది. “మీకు కళ్లకు చూపిస్తే గానీ ఎక్కదు” అని లేచి, ఎస్తేరమ్మ చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. వెబ్‌సైటు తెరిచి తన ఐడీ నంబరు కొట్టాడు. దుర్గాప్రసాద్ “సార్, ఒక్క నిమిషం…” అంటూనే ఉన్నాడు.

“ఇదిగో చూడండి” అంటూ ఫోను మా మొహాల ముందు తిప్పాడు మేనేజరు. “‘నమస్తే ప్రేమ్ కుమార్’ అంది. నేను పట్టుకుంటే ప్రమీలా అని పిలిచిందా? దానికి మనిషి తెలుసు.”

మేం ఫోను వైపు చూడలేదు. టీవీ వైపు చూస్తున్నాం. అక్కడ పక్క గడిలో ప్రమీల పేరు పోయింది. ఆ చోట ప్రేమ్ కుమార్ అని వచ్చింది. ఆ పేరు ఎదురుగా ఫిర్యాదు అలాగే ఉంది: ‘లైనుకు ఒకటే పాసు. అడిగితే సూపర్‌వైజరు నవ్వుతాడు. మేము నీళ్లు తాగడం మానేశాము.’

“నీకూ పాసు ఈలేదా నాయనా” అంది ఎస్తేరమ్మ.

దుర్గాప్రసాద్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. వద్దని అడ్డుకుని, ఏం జరిగిందో చెప్పమన్నాను. నసుగుతూ చెప్పాడు. ఒక ఫోనులో పదిమంది లోపలికొస్తే, ఆఖరున వచ్చినవాళ్ల పేరే ఆ నంబరుకు ఉంటుందట. ఒక ఫోనుకు ఒకే మనిషి అనుకుని తయారుచేశారట. వ్యానులో వెనక వరుస అనేది ఒకటుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదట.

ప్రేమ్ కుమార్ మొహం తుడుచుకున్నాడు. “అది టెక్నికల్ సమస్య. విచారణ వాయిదా. సస్పెన్షన్ అలాగే ఉంటుంది.”

అదీ మీ న్యాయం. గడిలో ప్రమీల పేరు ఉంటే సాక్ష్యం. అదే గడిలో మేనేజరు పేరు ఉంటే టెక్నికల్ సమస్య. ఆడమనిషి పొట్ట కొట్టడానికి పనికొచ్చిన యంత్రం ఆయన కుర్చీ దగ్గరికి రాగానే చెడిపోయింది. మీరు దాచిపెట్టిన ఆ నంబరుకు ఫోను తెలుసు, అంతే. మనిషి తెలియదు. మనిషిని ఎంచుకున్నది మీరు. ఫోను తనదని గట్టిగా చెప్పిన ఎస్తేరమ్మ జోలికి పోలేదు, ఇల్లు గడవని ప్రమీలనే పట్టుకున్నారు.

గేటు బయట బస్సు కోసం నిలబడ్డాం. ప్రమీల నా వైపు తిరిగింది.

“అక్కా, అది రాసింది ఇప్పుడు ఆ మేనేజరే అంటాండాది గదా కంప్యూటరు.”

“అంటాండాది.”

“మరి ఆయప్ప లోపల ఉండాడు, నేను బయట ఉండానేమి?”

దానికి జవాబు మీరు చెప్పాలి. వాయిదాలు మాకొద్దు. రేపు పొద్దున పెనుకొండలో వ్యాను ఆగినప్పుడు వెనక వరుసలో ప్రమీల ఎక్కాలి, ఇన్నాళ్ల జీతంతో సహా. లేదంటే అదే సాక్ష్యం మీద ప్రేమ్ కుమార్‌ను కూడా సస్పెండ్ చేసి, అదే గదిలో కుర్చీ లేకుండా నిలబెట్టండి. మా ఫోన్లలో మీరు దాచిన నంబర్లు తీసేయండి. ఫిర్యాదు రాసే చోటును జీతం స్లిప్పుల నుంచి వేరు చేయండి. అది చేసేదాకా రెండు ఊళ్లలోనూ ఆ నవ్వే పిల్ల పోస్టర్లు చించేయండి, మీరు చించకపోతే మేం చించుతాం. వీటన్నిటికంటే ముందు, ఈ పూటే, సూపర్‌వైజరు జేబులో చెయ్యి పెట్టి ఆ పాసు బయటికి తీయండి.