ఎనిమిది గేమ్ పెట్టెలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు మంచం కిందున్న గేమ్ పెట్టెల్ని ఒక్కోటీ ఎత్తి చూడటం కుట్టుపిన్నికి అలవాటైపోయింది. వీధిలో అందరి బట్టలూ ఆవిడ చేతి మీదుగా పోయేవే, అందుకే చిన్నాపెద్దా అలాగే పిలుస్తారు.

"నిన్నటికంటే తేలిగ్గా ఉన్నాయి," అంది పాలు దించుతూ.

"నీ చేతికే బలం పెరిగిందేమోనే," అన్నాడు మొగుడు, దుప్పట్లోంచే.

వీడియో గేమ్ కన్సోల్‌కి ధర ఎంతో బరువూ అంతే. లోకమెరిగిన సంగతి. కొత్తదాన్ని కొట్టు నుంచి ఇంటికి చేర్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఏడాది తిరిగేసరికి అదే పెట్టెని పాలుతాగే పిల్ల ఒంటిచేత్తో లేపేస్తుంది. సెకండ్ హ్యాండ్ కొట్టువాడు దాన్ని ఆన్ చేసి కూడా చూడడు, కొక్కేనికి తగిలించి బరువు చూసి ధర చెప్పేస్తాడు.

పిన్ని మొగుడు గోడౌన్‌లో గుమాస్తా. అక్కడెవడో తోటి మేధావి "బంగారం ఏం పెరుగుతుందిరా, డబ్బా విప్పని కన్సోల్ పెరుగుతుంది చూడు" అన్నాడట. అంతే. సొంత కొట్టు పెట్టుకోవడానికని పెళ్ళాం గుండీ గుండీ కుట్టి దాచిన డబ్బుతో ఎనిమిది పెట్టెలు మోయించుకొచ్చాడు. ముందు చెప్పలేదేం అంటే, నువ్వు సంతోషపడతావనీ అన్నాడు. మొగుళ్ళు ఇలా సంతోషపెట్టబోయినప్పుడల్లా కొంపలు మునుగుతూనే ఉన్నాయి, అయినా వాళ్ళకి బుద్ధి రాదు.

పిన్నికి కావలసిందల్లా ఒక గది. ఇప్పుడు ఆవిడ మిషన్ పొయ్యికీ మంచానికీ మధ్య ఇరుక్కుని ఉంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పొయ్యి సెగ ఒకవైపు, ఆయన గురక ఒకవైపు భరించాలి.

"ఉన్నంతలో అమ్మెయ్యండి," అని పోరింది.

"ఇప్పుడమ్మితే నష్టం."

"ఆగితే లాభమా?"

"ఆగితే నష్టమని ఇంకా తేలలేదు కదే."

కంపెనీ కొత్త మోడల్ ప్రకటించాక అదీ తేలిపోయింది. ఆ రోజు సెలవు. మధ్యాహ్నం పిన్ని మిషన్ తొక్కుతుంటే వెనక కిర్రుమంది. తిరిగి చూస్తే మంచం నేల విడిచి జానెడు ఎత్తున నిలబడింది. దాని మీద మొగుడు, మంచి నిద్రలో. ఊరికే ఇస్తామన్నా వద్దనిపించుకున్న కన్సోల్ ఇక నేల మీద నిలవదు మరి. ఎనిమిదీ కలిసి మంచాన్ని మోస్తున్నాయి.

"లేవండి. మీ పెట్టుబడి పెరిగింది," అంది.

అతను దిగి చూసుకున్నాడు. గోడకి జారబడి, "నీ కొట్టు తినేశానే," అన్నాడు.

పిన్నికి తిట్లు నోటిదాకా వచ్చాయి. ఒక్కోటీ ఆణిముత్యం. కానీ ఆవిడ చూపు మంచాన్ని వదలడం లేదు. ఇంత మనిషిని ఎత్తాయంటే?

బజారు వీధిలో ఒక మేడగది ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. కింది కొట్టుని పెంచుకునే ఆత్రంలో ఇంటాయన మెట్లు పడగొట్టించేశాడు. పిన్ని వెళ్ళి అడిగితే, "ఎగిరి వెళ్తావా తల్లీ?" అని నవ్వాడు.

"ఆ బాధ మీకెందుకండీ, అద్దె చెప్పండి."

ఎవరూ అడగని గది, అడ్వాన్స్ లేకుండానే ఇచ్చేశాడు. పిన్ని ఒక బల్ల కింద ఎనిమిది పెట్టెలూ బిగించి, నాలుగు మూలలా తాళ్ళు కట్టింది. మొగుడు గోడౌన్ మానేసి తాడు పట్టుకున్నాడు. జనం బల్లెక్కి పైకి తేలుతూ వచ్చి కొలతలిచ్చారు. ఊడని గుండీలు ఊడపీక్కుని మరీ వచ్చారు. అదే వీధిలో నేల మీదున్న దర్జీలు ఈగలు తోలుకుంటూ తలలెత్తి చూశారు.

ఒకరోజు కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన, ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి బల్లెక్కాడు. ఎక్కి, కిందికి వంగి చూశాడు.

"ఇవి డబ్బా విప్పనివా?" అన్నాడు. ఆ గొంతులో ఆశకే బల్ల దబ్బున నేలకి ఆనింది. పాతవి పోగుచేసే పిచ్చి ఆయనది. "కొన్న ధరలో సగమిస్తాను. ఎనిమిదీ నాకే."

బల్ల కింద రాయి పటుక్కుమంది.

పైన కిటికీలోంచి పిన్ని చూస్తోంది. నోటి నిండా గుండుసూదులు, మాట పెగలదు. ఆ సగంతో బజారులో గుమ్మం కూడా అద్దెకి రాదు. ఇవి పోతే ఈ గదికి దారే ఉండదు. పక్కన సగం కుట్టిన గౌనుతో ఒక అమ్మాయి, ఎలా దిగాలా అని బిక్కమొహం వేసుకుంది.

మొగుడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి ఒకడొచ్చి, నీ లెక్క మరీ తప్పు కాదు అంటున్నాడు. ఆ మాట కోసం అతను ఎంత మొహం వాచిపోయాడో ఆ వీధికంతా తెలుసు.

"ముప్పావు," అన్నాడు పెద్దమనిషి.

"ఇవి అమ్మేవి కావు సార్," అన్నాడు మొగుడు. "మా ఆవిడ కొట్టుకి మెట్లు."

అమ్మనిదానికి ధరెక్కడిది, బల్ల నేల వదిలింది. పెద్దమనిషి ప్యాంటు గుండెకి హత్తుకుని, "కొన్న ధరే ఇస్తాను," అన్నాడు. "పోనీ రెట్టింపు." అంటూనే ఉన్నాడు, తేలుతూనే ఉన్నాడు.

పిన్ని సూదులు తీసి పక్కన పెట్టి, ఆయనకి చెయ్యందించింది.

"రండి సార్. ఎన్ని అంగుళాలు తగ్గించమంటారు?"