వీపు రుద్దే వంతు

బల్ల మీద బోర్లా పడుకున్నావిడ వీపు మీద గోరువెచ్చని నీళ్లు గుమ్మరించి, సూన్‌జా చేతికి ఆకుపచ్చ గరుకు తొడుగు వేసుకుని మెడ దగ్గర మొదలుపెట్టింది. రుద్దేకొద్దీ మట్టి సన్నని వత్తుల్లా రాలుతోంది. పక్కన లూసీ ముఖాలకు పట్టు వేయడానికి కీరదోసకాయలు తురుముతూ, ఓ కంట సూన్‌జానే కనిపెడుతోంది. ఇవాళ కూడా ఆమె మధ్యమధ్య బల్ల అంచు పట్టుకుని ఆగుతోంది.

లాస్ ఏంజెలెస్‌లో కొరియావాళ్ల పేటలోని ఆడవాళ్ల స్నానశాల అది. ఊరంతా ఒలింపిక్స్ హడావుడిలో ఉన్నా ఇక్కడ మాత్రం ఆవిరీ, నీళ్లచప్పుడే. భీమవరం నుంచి మొగుడి వెంట వచ్చి, ఆయన పోయాక దిక్కుతోచక ఈ గుమ్మం ఎక్కింది లూసీ. మొదటిరోజే ఒకావిడ, "ఆ నల్లావిడ చెయ్యి నాకొద్దు," అంది.

"ఆమె చెయ్యి వద్దంటే నాదీ వద్దనుకో," అంటూ సూన్‌జా తొడుగు తీసి బల్ల మీద పెట్టేసింది.

తెల్లటి చర్మం కోసం ప్రాణాలిచ్చే చోట అంతమాట అనడం చిన్న సంగతి కాదు. ఆ రోజునుంచే లూసీ ఆమెను అక్కా అని పిలిచింది. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే సూన్‌జాకి అంతకుమించి కథేమీ లేదు. మొగుడు లేడు, పిల్లల్లేరు. బస్సు, పని, ఆదివారం చర్చి.

పని ముగిశాక ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం వాళ్లిద్దరికీ ఆనవాయితీ. మట్టి ఎంత రాలితే అంత ఆప్యాయంగా రుద్దినట్టు లెక్క. చిన్నప్పుడు అమ్మ సున్నిపిండితో పెట్టిన నలుగు తర్వాత లూసీ వీపుకి అంత ప్రేమగా తగిలిన చెయ్యి సూన్‌జాదే. కానీ కడుపులో కంతి అని డాక్టరు చెప్పినప్పటినుంచి అక్క తన వంతు వాయిదా వేస్తూ వచ్చింది.

ఆ శనివారం సాయంత్రం తనే బల్లెక్కి పడుకుంది.

"లూసీ, ఇవాళ నా వంతు. కడిగిపెట్టాను, నా తొడుగుతోనే రుద్దు."

లూసీ తువ్వాలు తీసింది. వీపంతా ఎముకలే. చర్మం ఉల్లిపొరలా ఉంది. మెల్లగా రుద్దింది. ఏమీ రాలలేదు.

"గట్టిగా! వస్తోందా?"

"బోలెడు వస్తోందక్కా."

"ఏదీ, చూపించు."

లూసీ చప్పున వెనక్కి తిరిగి ఆ తొడుగుతో తన ముంజేతినే బరబరా రుద్దుకుంది. రాలిన మట్టిని అరచేతిలో పోగుచేసి ఆమె కళ్లముందు పెట్టింది.

"ఛీ, ఎంత మురికిదాన్ని!" అని నవ్వింది సూన్‌జా, పసిపిల్లలా మురిసిపోతూ.

అంతలో ఆమె చూపు దోక్కుపోయిన లూసీ ముంజేతి మీద పడింది. లేచి కూర్చుని, గిన్నె అడుగున మిగిలిన కీరా తురుము తీసి ఆ చేతికి పట్టు వేసింది.

"మండుతోందా?"

"లేదక్కా."

లూసీకి ఏడుపు ఆగలేదు. తొడుగు కడగడం కూడా మరిచిపోయి అలాగే కుళాయికి తగిలించింది. సూన్‌జా కోటు వేసుకుని, బస్సు వేళైందని వెళ్లిపోయింది.

సోమవారం ఆ బస్సులో ఆమె రాలేదు. నిద్రలోనే పోయిందని యజమానురాలు మధ్యాహ్నం చెప్పింది. లూసీ బల్లలన్నీ కడిగింది. తన వీపు ఇంకెవరూ అలా ముట్టుకోరని తట్టేసరికి దుఃఖం తన్నుకొచ్చింది. అక్క ఒంటి మట్టి కాస్తయినా మిగిలి ఉంటుందేమోనని కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆకుపచ్చ తొడుగు అక్కడే ఎండి బిరుసెక్కి ఉంది. దాని నేతలో ఇరుక్కున్న మట్టంతా లూసీదే.