ఐదడుగుల దారిలో అరటి గెల

మా అమ్మాయి స్టెల్లా పళ్ళ డాక్టరు చదువు పూర్తి చేశాక, అమలాపురంలో మాకున్న స్థలంలో కింద దాని క్లినిక్కు, పైన మేముండే ఇల్లు కట్టాలనుకున్నాం. నేను కొబ్బరికాయల వ్యాపారిని. పదో తరగతి రెండుసార్లు రాసినవాణ్ణి. అందుకని ప్లాను కాయితాల పనంతా సాల్మన్‌కి అప్పగించాను. సాల్మన్ మా చర్చిలో మనిషే, లైసెన్సున్న ఇంజనీరు.

అతను ప్లాను బల్ల మీద పరిచి ముందువైపు వేలు పెట్టాడు.

"రోడ్డు పక్కన మూడడుగులు మొక్కలకండి. దాని పక్కన ఐదడుగులు జనం నడవడానికండి. ఈ ఎనిమిదీ వదిలేసేక మన గోడ మొదలవుతాదండి."

"నడవడానికి రోడ్డుంది కదయ్యా?"

"రోడ్డు బళ్ళకండి."

"మరి నలభయ్యేళ్ళ నించి నేనెక్కడ నడుస్తున్నాను?"

"బళ్ళ మధ్యలోనండి," అన్నాడు సాల్మన్ ఎంతో మర్యాదగా.

నిజమే. మా వీధిలో దుకాణాల మెట్లు ఎక్కడ ఆగుతాయో అక్కడే మోటారు సైకిళ్ళు మొదలవుతాయి. ఆ రెంటికీ మధ్య పిల్లి కూడా పక్కకి తిరిగి నడవాలి. కానీ కొత్తగా కట్టేవాళ్ళకి రూలు రూలే. పని పూర్తయ్యాక మున్సిపాలిటీ నుంచి వచ్చి కొలిచి, అంతా ప్లాను ప్రకారం ఉందని కాయితం ఇస్తేనే క్లినిక్కుకి కరెంటు మీటరు. మీటరు లేకపోతే స్టెల్లా తెప్పించుకున్న పళ్ళ కుర్చీ లేవదు, వాలదు.

"మొక్కలు ముందే వేసెయ్యండి. వాళ్ళొచ్చేసరికి బతికినట్టు కనపడాలి," అన్నాడు సాల్మన్.

నేను కడియం నర్సరీలకి వెళ్ళి, ఆకుల మీద రంగు చల్లినట్టుండే క్రోటన్లు ఒక డజను ఆటోలో వేసుకుని వచ్చాను. మా దగ్గరే ఉండే మా అత్తగారు సత్తెమ్మ గారు, అప్పటికే లేచిన కింది వాటా గుమ్మంలో నిలబడి ఒక్కొక్క మొక్కనీ పెళ్ళిచూపులకి వచ్చినట్టు చూశారు.

"ఇవేం కాస్తాయండి అల్లుడు గారూ?"

"కాయవండి అత్తయ్య గారూ. చూడ్డానికి."

"చూడ్డానికా?"

"ఆయ్."

"చూస్తే ఏవొస్తాదండి?"

ఆవిడ పదేళ్ళ వయసు నుంచి అరవై దాటేదాకా పరాయి వాళ్ళ తోటల్లో కలుపు తీసిన మనిషి. కొబ్బరి చెట్ల మధ్య అరటి, అరటి కింద కంద, కంద పక్కన పసుపు. నేల ఖాళీగా కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. అలాంటి మనిషికి, మన పేరున ఉన్న మట్టిలో కాయని మొక్కలు వేస్తామని చెప్పాం.

నెల తిరిగేసరికి క్రోటన్లు రెండు మిగిలాయి. మిగతా పది "బతకలేదండి" అన్నారు. ఆ పది గుంటల్లోనూ కంద లేచింది, పసుపు లేచింది, మధ్యలో ఒక అరటి పిలక లేచింది. నేను గట్టిగా మాట్లాడవలసిన సమయం అదే. కానీ ఆ వారమే, విత్తనానికి తెచ్చిన దుంపల్లో మిగిలినవాటితో కంద బచ్చలి వండారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆ తర్వాత ఇంక ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?

పై అంతస్తు పని ఏడాది సాగింది. నడకదారికి టైళ్ళు పరిచాం. స్టెల్లా ఒక ఆదివారం చూసుకుని, ఆరాధన అయ్యాక పాస్టరు గారి ప్రార్థనతో క్లినిక్కు మొదలని కార్డులు పంచేసింది. అప్పటికి అరటి చెట్టు రెండు మనుషుల ఎత్తు పెరిగి, గెల వేసి, ఆ బరువుకి నడకదారి మీదికి వంగింది. పడిపోకుండా మా అత్తగారు రెండు సరుగుడు కర్రలు కత్తెరలా కట్టి ఊతం పెట్టారు. ఆ కర్రలు సరిగ్గా ఐదడుగుల దారి మధ్యలో కాళ్ళు చాపుకుని నిలబడ్డాయి.

ఆ ఆదివారం ఇంకా ఆరు రోజులుందనగా, సోమవారం నాడు మున్సిపాలిటీ నుంచి ప్రసన్నకుమారి గారు వచ్చారు. ముప్పయ్యేళ్ళుంటాయి. చేతిలో టేపు, చంకలో ఫైలు. గోడ కొలిచారు, మెట్లు కొలిచారు, టైళ్ళు కొలిచారు. అన్నిటికీ తల ఊపుతూ వచ్చి ఊతకర్రల దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటండి పాపారావు గారూ?"

"అరటండి."

"అరటని తెలుస్తోందండి. దారిలో ఈ కర్రలేంటని."

"కర్రలు తీస్తే చెట్టు పడిపోద్దండి."

"ఉంచితే మనుషులు పడిపోతారండి. చూపు తక్కువున్నోళ్ళు ఈ దారినొస్తే? మీ క్లినిక్కుకి చక్రాల కుర్చీలో ఎవరన్నా వస్తే?"

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అదే బాధ. తప్పుంటే వాదించేవాణ్ణి.

మా అత్తగారు ముందుకొచ్చారు. "ఇంకొక్క నెలండమ్మా. గెల పక్వానికొచ్చేత్తాది."

"దారి ఖాళీగా ఉంటేనే సంతకం పెడతానండి మామ్మగారూ. శుక్రవారం మళ్ళీ వస్తాను," అని ఆవిడ స్కూటీ ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆదివారం క్లినిక్కు. దానికి శనివారం మీటరు. దానికి శుక్రవారం సంతకం. దానికి దారిలో కర్రలు ఉండకూడదు.

"అమ్మమ్మా, ఒక్క చెట్టే కదా. కొట్టేద్దాం. మళ్ళీ వేసుకుందువుగాని," అంది స్టెల్లా బుజ్జగింపుగా.

"నీ కుర్చీ ఇయ్యాళ కాపోతే రేపు లేత్తాది. గెల పడితే లేత్తాదా?"

"ఐదేళ్ళు చదివేనమ్మమ్మా!"

"ఏడాది పొడుగునా నీళ్ళోసేనే!"

మా ఆవిడ నా వైపు చూసింది. తన తల్లికీ, తన కూతురికీ మధ్య తీర్పు చెప్పమన్నట్టు. నేను కొబ్బరి లారీ వచ్చిందని చెప్పి లేచి వెళ్ళిపోయాను. లారీ ఏమీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే మా అత్తగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని అరటి చెట్టు పక్కన కూర్చుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ప్రార్థన మామూలుగా మనసులో ఉంటుంది. ఆ రోజు వీధి చివరిదాకా వినిపించింది.

"తండ్రీ, స్తోత్రం. మా అల్లుడు గారు మంచోరు. ఆయనకి ధైర్యం తక్కువని నీకు తెలుసు. కంద బచ్చలి రెండుసార్లు పెట్టించుకున్న సంగతీ నీకు తెలుసు. తినేప్పుడు మొక్క కావాలి, కాపాడేప్పుడు అక్కర్లేదా ప్రభువా? నువ్వే అడుగు తండ్రీ."

ఎదురింటి వాళ్ళు ఆమెన్ అన్నారు. నేను లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాను.

బుధవారం కూడా అదే ప్రార్థన. ఈసారి లేని లారీ సంగతి కూడా కలిసింది. ఇక లాభం లేదని తలుపు తీసుకుని బయటికి వచ్చి, చెట్టు కిందే నిలబడి పైకి చూశాను. స్టెల్లా పేరున్న బోర్డు వేలాడదీయడానికని గోడలోంచి బయటికి ఒక ఇనప దూలం పెట్టించాం. అది సరిగ్గా గెల నెత్తి మీదే ఉంది. కొబ్బరి తాడు కట్టడం నాకు తెలిసినట్టు ఇంకేదీ తెలియదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, చెట్టు మెడకి ముందు గోనెపట్టా చుట్టి, పైన తాడు మూడు పేటలుగా వేసి దూలానికి బిగించాను. కర్రలు తీశాను. చెట్టు ఒక్కసారి మూలిగి, ఊగి, నిలబడింది.

"స్తోత్రం," అన్నారు మా అత్తగారు చాలా చిన్న గొంతుతో.

బోర్డు ఎక్కడ పెడతావని స్టెల్లా అడిగింది. గోడకి అతికిద్దామన్నాను. అది మూతి ముడుచుకుంది గాని, మర్నాడు తనే నిచ్చెనెక్కి ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూడటం నేను చూశాను.

శుక్రవారం ప్రసన్నకుమారి గారు వచ్చారు. దారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచారు. గోడ నుంచి మట్టి అంచు వరకు టేపు పరిచారు. ఐదడుగులు, ఏ అడ్డూ లేదు. మేమంతా ఊపిరి వదిలేలోపు తలెత్తి చూశారు.

"నెత్తి మీద బోర్డయినా ఇంకేదైనా ఏడడుగుల పైన ఉండాలండి. గెలకి వేరే రూలు లేదు."

టేపు పైకి పట్టారు. గెల కింద తోక చివర ఊదారంగు పువ్వు ఇంకా వేలాడుతూనే ఉంది. దాని మొన దగ్గర టేపు ఆగింది.

"ఆరడుగుల ఏడంగుళాలు. ఐదంగుళాలు తక్కువండి."

తాడు ఇంకా బిగిస్తే మెడ విరుగుతుంది. స్టెల్లా మొహం చూడలేకపోయాను. దాని కుర్చీ లోపల ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. మా అత్తగారు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నా సంగతులు ఎక్కడ బయటికొస్తాయోనని నేను గుమ్మం వైపు జరిగాను.

ప్రసన్నకుమారి గారు టేపు చుట్టేస్తూ, గెల చుట్టూ ఒకసారి తిరిగారు.

"గెలలో అత్తాలన్నీ విచ్చేసి, వరస వరసా కాయ పట్టేసింది. ఇంకా పువ్వు కొయ్యలేదేంటండి మామ్మగారూ?"

మా అత్తగారు ఒక కన్ను తెరిచారు.

"ఆదివారం పాస్టరు గారికి కూర వండుదామని ఉంచేనండమ్మా."

"పువ్వుంచేత్తే కాయ ఊరుద్దాండి? బలమంతా దానికే పోదూ?"

మా అత్తగారికి అరటి గురించి ఒకరు చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రెండో కన్ను కూడా తెరిచారు.

"మీది ఏ ఊరండమ్మా?"

"కొత్తపేట దగ్గరండి. మా నాన్నగారిది అరటి తోటే. ఇదేంటి, కర్పూర అరటా?"

"ఆయ్."

"మంచి గెలండి."

అంతే. మా అత్తగారు లోపలికి వెళ్ళి కొడవలి తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను స్టూలెక్కి పువ్వు కోశాను. బంక నా తెల్ల చొక్కా మీద బొట్లు బొట్లుగా పడింది. ఆ మరక జన్మలో పోదు. పువ్వు పోయాక మళ్ళీ టేపు పట్టారు.

"ఏడడుగుల రెండంగుళాలు."

ప్రసన్నకుమారి గారు ఫైలు తెరిచి రాస్తూ పోయారు. నడకదారి, సరే. ఎత్తు, సరే. పచ్చదనం అన్న చోట పెన్ను ఆగింది. రెండు క్రోటన్లనీ, వాటిని కమ్మేసిన కందనీ చూశారు.

"పచ్చగానే ఉంది కదండీ?" అన్నాను నేను.

"ఆయ్, పచ్చగానే ఉందండి. తినకూడదని ఎక్కడా రాయలేదు," అని సంతకం పెట్టారు. "గెల ఊరేకొద్దీ కిందికి దిగుద్దండి. తాడు రోజూ చూసుకోండి. ఏడడుగులు తగ్గకూడదు."

"ఈ పువ్వు తీసుకెళ్ళండమ్మా," అన్నారు మా అత్తగారు.

"ఫైలు చేతిలో ఉండగా ఏదీ తీసుకోనండి. పాస్టరు గారికే వండండి."

శనివారం మీటరు వచ్చింది. ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేశాక స్టెల్లా మీట నొక్కింది. కుర్చీ జుయ్యిమని లేచింది. వచ్చినవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ముందుగా ఎవరిని కూర్చోబెట్టాలన్న మాటే రాలేదు. మా అత్తగారు చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నారు. ఆవిడకి మిగిలినవి ఆరు పళ్ళు.

"నోరు తెరువు అమ్మమ్మా."

"ముందు కుర్చీ అటు తిప్పు. గెల కనపడట్లేదు."

అద్దాల తలుపులోంచి బయటికి చూస్తే, మా నడకదారి మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఊరికి కొత్త, దూలానికి వేలాడే అరటి గెల. వచ్చిన ప్రతివాడూ కింద ఆగి, తలెత్తి, ఏ రకమండీ అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. దారి పూర్తిగా మూసుకుపోయింది. వెళ్ళాల్సినవాళ్ళు రోడ్డు మీదికి దిగి, బళ్ళ మధ్యలోంచి పోతున్నారు.

నేను టేపు పట్టుకుని బయటికి వెళ్ళాను. ఏడడుగుల ఒకటిన్నర అంగుళం. పరవాలేదు. వెనక్కి తిరగబోతుంటే కాలికి ఏదో తగిలింది. మట్టి అంచున ఉన్న టైలు ఒక మూల లేచింది. వంగి చూశాను. కింద నుంచి లేత అరటి పిలక, బొటనవేలంత, నెత్తి మీద టైలు పెట్టుకుని చూస్తోంది.

అటూ ఇటూ చూసి, ఆ టైలుని చెప్పుతో మెల్లిగా నొక్కాను. దిగింది. కాలు తీశాను. మళ్ళీ లేచింది.

లోపల కుర్చీలోంచి మా అత్తగారు, నోట్లో స్టెల్లా వేళ్ళున్నా సరే, గట్టిగా ఏదో అరుస్తున్నారు. మాటలు తెలియలేదు గాని, కాలు తియ్యమని అర్థమైంది.