తక్కువ తిరిగిన కారు

సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డులో గుమాస్తా రెండు బళ్ళ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఒకటి పన్నెండేళ్ళది, ఇరవై వేల కిలోమీటర్లే నడిచింది. రెండోది నాలుగేళ్ళదే, లక్ష దాటింది.

"పాతదే తీసుకుందాంరా, అసలు అరగలేదు," అన్నాడు పదోసారి.

మెకానిక్ బావమరిది ఆ పాతదాని బానెట్ ఎత్తి, లోపలి రబ్బరు గొట్టాన్ని వేలితో నొక్కాడు. అది ఎండుటాకులా పగిలింది.

"వాడకుండా మూల పడేస్తే ఇంతే బావా."

"అయినా తక్కువ తిరిగిందిగా!"

"నువ్వూ తక్కువే తిరిగావు. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో కుర్చీ దిగలేదు. నర్సుద్యోగంలో అక్క రోజంతా వార్డులు తిరుగుతూనే ఉంది. మెట్లెక్కితే ఆయాసం ఎవరికి?"

గుమాస్తా నోరు తెరిచేలోపే హారన్ మోగింది. లక్ష దాటిన కారులో, స్టీరింగు ముందు, భార్య.

"ఎక్కుతారా, నడిచొస్తారా?"