పాలు పడని పగడం

నాంపల్లి స్టేషన్లో కారెక్కినప్పటి నుంచి రామలింగం ఒళ్లోని థర్మోకోల్ పెట్టెను కింద పెట్టలేదు. వెనక సీట్లో మోకాళ్లు దగ్గరికి చేర్చుకుని, రెండు చేతులూ మూత మీద వేసి కూర్చున్నాడు. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా ఆ కుదుపు పెట్టెకు తగలకుండా తన నడుముతో కాసుకుంటున్నాడు. ముందు సీట్లో ఉన్న ప్రొడక్షన్ మేనేజరు సూర్యప్రకాశరావు వెనక్కి ఒక చూపు చూసి, ఏసీ గాలి పెట్టె మీద పడేలా తిప్పాడు.

"జర ఆ గాలి అటు తిప్పుర్రి సార్. పెట్టెకు తగుల్తాంది."

"తగలనీవయ్యా. బయట ఎండ చూశావా? మా కాకినాడ నుంచి రొయ్యలొస్తే ఐసులో కప్పెట్టి తెస్తాం. సముద్రంలో సరుకు ఏదైనా చల్లగా ఉండాలి."

"రొయ్యలు వండుకునేటందుకు తెస్తరు. ఇయి బతికేటందుకు తెచ్చినం."

సూర్యప్రకాశరావు నవ్వి గాలి తిప్పేశాడు. "పురిటి బిడ్డని తెచ్చినట్టు తెస్తున్నావు. పుట్టినోడికి పేరు కూడా పెట్టేశావా ఏంటి?"

రామలింగం గాలి తగిలిన మూత అంచును అరచేత్తో తడిమి చూసుకున్నాడు. 

పెట్టెలో ఉన్నవి ప్రాణమున్న పగడపు ముక్కలు, తొమ్మిది. ఒక్కొక్కటీ చూపుడు వేలంత. రామేశ్వరం దగ్గరి ఒక రేవులో, సముద్రంలో మునకలేసి బతుకు వెళ్లదీసే ఒక ముసలాయన వాటిని ఇచ్చాడు. కట్టే పద్ధతి కూడా ఆయనే చూపించాడు. ముక్క అడుగున దారం కట్టి, ఆ దారాన్ని చిన్న థర్మోకోల్ బిళ్లకు ముడి వెయ్యాలి. బిళ్ల నీటి మీద తేలుతుంది, పగడం తలకిందులుగా వేలాడుతుంది. రైలు ఎంత ఊగినా అది సంచి గోడకు రాసుకోదు. ముక్కకో ప్లాస్టిక్ సంచి. సంచిలో కొంచెమే నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. దాని మీద ఇంకో సంచి, రబ్బరు బ్యాండ్లు, చుట్టూ పాత పేపర్లు. మూత తియ్యకూడదు. చీకట్లో ఉంటేనే అవి నెమ్మదిగా ఉంటాయి.

కిందటేడు ఫిలింనగర్లో ఒక సెట్టుకని రామలింగం ఇలాంటి పగడాలే బకెట్లో వేసుకుని తెచ్చాడు. ఒకదానికొకటి రాసుకుని, జిగురు కక్కి, దారిలోనే కుళ్లిపోయాయి. ఆర్ట్ డైరెక్టరు ముక్కు మూసుకుని బకెట్టు పారబోయించి, ప్లాస్టర్‌తో చేయించి రంగు వేయించాడు. తెర మీద బ్రహ్మాండంగా కనిపించాయి. ఎవరూ రామలింగాన్ని ఒక్క మాట అనలేదు.

ఈసారి వెళ్తున్నది సెట్టుకు కాదు.

ప్రొడ్యూసర్ అచ్యుతరామయ్య తీసిన రెండు సినిమాలు వరసగా పోయాయి. సంక్రాంతి వెళ్లాక గుండె నొప్పి వచ్చింది. ఇవాళ బంజారాహిల్స్ ఆస్పత్రిలో చేరాలి, రేపు ఆపరేషన్. కుజుడు పట్టి పీడిస్తున్నాడనీ, వేలికి పెట్టుకునే పగడానికి అంత శక్తి చాలదనీ, జీవమున్న పగడాలు తొమ్మిది ఇంట్లో ఉండాలనీ, మంగళవారం మంచి ఘడియలో వాటిని చూసి గడప దాటితే గండం గడుస్తుందనీ కాశీవిశ్వనాథం సిద్ధాంతి చెప్పాడు. అచ్యుతరామయ్య భార్య శ్యామలాదేవికి ఆ మాట గుండెలో దిగిపోయింది. ఆ ఇంట్లో రంగు చేపల తొట్టి చూసేది రామలింగమే. కృష్ణానగర్ నుంచి వచ్చి నీళ్లు మారుస్తాడు, గాజు తుడుస్తాడు, వెళ్తాడు. ఆమె అతన్ని పిలిచి ఒకటే మాట అంది.

"తొమ్మిదీ రావాలి రామలింగం. ఒకటి తగ్గిందని మాత్రం నాకు చెప్పకు."

రామలింగానికి కుజుడి మీద నమ్మకం లేదు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె చెయ్యి మంగళసూత్రం మీద ఉంది. అది చూశాక కాదనలేకపోయాడు.

అచ్యుతరామయ్య ఇంటి ముందు కారు దిగి లోపలికి వెళ్లేసరికి హాలంతా సాంబ్రాణి వాసన. మూల గోడ దగ్గర పెద్ద గాజు తొట్టి, బాపట్ల నుంచి డ్రమ్ముల్లో తెప్పించిన సముద్రపు నీళ్లతో, బుడగలు వదులుతూ సిద్ధంగా ఉంది. తొట్టి పక్కన పీట మీద సిద్ధాంతి, వాలు కుర్చీలో అచ్యుతరామయ్య. తెల్ల పంచె, ఛాతీ దాకా కప్పిన శాలువా. మనిషి సగమైపోయాడు.

రామలింగం కిటికీ పరదాలు వేయించి, పెట్టె కింద పెట్టి, మూత తీశాడు. ఒక్కొక్క సంచినీ వెలుతురు వైపు ఎత్తి చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. తొమ్మిదీ వేలాడుతున్నాయి. రెండు రాత్రులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

శ్యామలాదేవి దగ్గరికి వచ్చి వంగింది. "ఇవేంటి, ఎర్రగా లేవు? మట్టి రంగులో ఉన్నాయి."

"బతికున్నయి గిట్లనే ఉంటయమ్మా."

"మేకప్‌మేన్‌ని పిలిపిద్దామా?" అన్నాడు అచ్యుతరామయ్య కుర్చీలోంచి. "ఎర్ర రంగు పూసి పంపిస్తాడు."

సూర్యప్రకాశరావు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "సిద్ధాంతిగారూ, పర్వాలేదంటారా?"

"రంగు గురించి శాస్త్రం ఏమీ చెప్పలేదమ్మా. ప్రాణం ఉంది కదా. కానివ్వండి, ఘడియ దాటిపోతుంది," అంటూ సిద్ధాంతి ఇత్తడి పళ్లెం ముందుకు జరిపాడు. పళ్లెంలో పసుపు, కుంకుమ, ఉద్ధరిణి. పక్కన చెంబు నిండా పచ్చి ఆవుపాలు.

చెంబు చూడగానే రామలింగం చేతులు ఆగిపోయాయి. ఉంగరంలో రాయి పెట్టుకునే ముందు పాలతో శుద్ధి చెయ్యని ఇల్లు ఉండదు. ఆ సంగతి అతనికీ తెలుసు. పగడమంటే వీళ్లకు రాయే. అలా అనుకుంటారని తనకు ముందే తట్టి ఉండాల్సింది. రైలు గురించి ఆలోచించాడు, ఎండ గురించి ఆలోచించాడు, గుంటల గురించి ఆలోచించాడు. ఈ చెంబు గురించి ఆలోచించలేదు.

"అమ్మా, ఇయి ముందు సంచులతోటే తొట్టిల తేలాలె. రెండు నీళ్లకూ వేడి ఒకటైనంక మెల్లగ కలపాలె. మధ్యాహ్నం అయితది."

"మధ్యాహ్నానికి మేము ఆస్పత్రిలో ఉంటాం. ముందు పాలు పొయ్యనీ, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తేల్చుకో."

"పాలు పడవు వాటికి."

"పడకపోవడమేంటి? పాలు పడని దేవుడున్నాడా?"

రామలింగం నోట్లో ఒక మాట మెదిలింది. చస్తాయమ్మా అనాలి. అంతే, ఒక్క మాటతో తెగిపోతుంది. కానీ ఆ ఇంట్లో, ఆ పూట, ఆ కుర్చీలో మనిషి ఎదురుగా ఆ మాట ఎలా అంటాడు? సూర్యప్రకాశరావు ఆమె వెనక నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఊపిరాడదమ్మా వాటికి," అన్నాడు చివరికి.

అన్నాక తెలిసింది, ఇదీ అనకూడని మాటేనని.  శ్యామలాదేవి మొహం తెల్లబోయింది.

"నాకూ ఆడట్లేదుగా, మా ఇద్దరికీ జత కుదిరింది," అన్నాడు అచ్యుతరామయ్య. తర్వాత రామలింగం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఒక్కటి ఇవ్వు రామలింగం. మిగతావి నీ పద్ధతిలో పెట్టుకో. ఒక్కటి ఆవిడ చేతికివ్వు."

ఆయనకు అంతా అర్థమైందని రామలింగానికి తెలిసింది. అందుకే ఎదురు చెప్పలేకపోయాడు.

ఏది ఇవ్వాలో తేల్చుకునే లోపే శ్యామలాదేవి సంచి ఎంచుకుంది. కొమ్మలు రెండుగా చీలి, అన్నిటికన్నా నిండుగా ఉన్న ముక్క. రామలింగం రబ్బరు బ్యాండ్లు విప్పి, బిళ్ల పట్టుకుని పైకి తీశాడు. దారానికి వేలాడుతూ నీళ్లు కారుతున్న పగడాన్ని పళ్లెం మీద పట్టుకున్నాడు. సిద్ధాంతి మంత్రం అందుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని, ఉద్ధరిణితో పాలు పోసింది. మళ్లీ పోసింది. పగడం జిగురు వదిలింది. పాలు ఆ జిగురుకు అంటుకుని, కారిపోకుండా తెల్లగా నిలబడ్డాయి.

"చూశారా, పాలు పట్టుకుంది," అంది ఆమె. కొన్ని నెలలుగా లేని వెలుగు ఆ మొహంలో కనిపించింది.

"శుభమమ్మా," అన్నాడు సిద్ధాంతి.

రామలింగం తల వంచుకున్నాడు. జిగురు కక్కడమంటే ఏమిటో అతను కిందటేడు బకెట్లో చూశాడు.

"ఇక దాన్ని మిగతావాటితో కలిపెయ్," అంది ఆమె.

కలిపితే దాని కుళ్లు ఎనిమిదింటికీ తగులుతుంది. "పూజ చేసింది గదమ్మా, వేరే గిన్నెల ఉంచుత," అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది. "అవును, కలవకూడదు," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. "నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు. ఫోన్ చేస్తాను. ముందు దాని సంగతి చెప్పాలి నువ్వు."

ఆ రోజంతా రామలింగం గాజు గిన్నెలో నీళ్లు మారుస్తూనే ఉన్నాడు. సముద్రపు నీళ్లలో ముంచి, ఊపి, పారబోసి, మళ్లీ పోశాడు. తొట్టిలో ఎనిమిదీ సాయంత్రానికి నెమ్మదించాయి. తెల్లారేసరికి గిన్నెలో ముక్క చర్మం అడుగు నుంచి పోగులు పోగులుగా ఊడి వస్తోంది. కింద తెల్లటి ఎముక. వాసన కూడా మొదలైంది.

ఆస్పత్రికి క్యారియర్ తీసుకెళ్లడానికి వచ్చిన సూర్యప్రకాశరావు గిన్నెలోకి తొంగి చూశాడు. "అయిపోయిందా?"

"ఆఁ."

"దానికింత మొహం పెడతావేంటి? తొట్టిలోంచి ఒకటి తీసి ఇందులో పెట్టెయ్. ఏది ఏదో ఆవిడకేం తెలుసు. సినిమాల్లో డూపు పెట్టడం లేదా?"

"తెల్లారినప్పటి సంది నేను గదే అనుకుంటున్న."

"మరింకేం?"

"చెయ్యి పోతలేదు సార్. ఇంకా అలసటే తీరలేదు వాటికి. తీసి గిన్నెల పెడితే అదీ ఉంటదన్న నమ్మకం లేదు."

"అయితే అబద్ధం చెప్పు. బాగుందను. రెండే మాటలు. అదైనా వస్తుందా నోటికి?"

రామలింగం ఒప్పుకున్నాడు. అది వస్తుంది. మంచిగున్నదమ్మా. కారు వెళ్లిపోయాక ఆ మాటను లోపల రెండు మూడు సార్లు అనుకుని చూసుకున్నాడు.

ఫోన్ మధ్యాహ్నం మోగింది.

"రామలింగం." ఆస్పత్రి వరండాలోని కాయిన్ ఫోన్ నుంచి. వెనక సందడి. ఎవరో ఇంకెంతసేపండీ అంటున్నారు. "లోపలికి తీసుకెళ్లి చాలాసేపయింది. ఎవరూ ఏమీ చెప్పట్లేదు."

"ఫికర్ చెయ్యకుర్రి అమ్మా."

"తీసుకెళ్లే ముందు ఆయన ఒక మాట అన్నారు. నువ్వు పాలు పోస్తుంటే రామలింగం మొహం చూశావా అన్నారు. నేను కళ్లు మూసుకున్నాను కదా, చూళ్లేదు." ఆమె ఆగింది. "దానికేమైంది? బాగుందని చెప్పకు. అందరూ అదే చెప్తున్నారు పొద్దుట్నించీ."

రామలింగం సిద్ధంగా పెట్టుకున్న మాటా అదే. అందరి మధ్యా ఆమె అక్కడ ఒక్కతే నిలబడి ఉంది. తనూ అదే అంటే ఇంకా ఒక్కతే అయిపోతుంది.

"పోయిందమ్మా."

 కాయిన్ టైము అయిపోతున్న బీప్ వచ్చింది, మళ్లీ ఎవరో కాయిన్ వేసినట్టు చప్పుడైంది.

"పాల వల్లే కదా."

"ఆఁ."

"నా చేత్తోనే." అంది ఆమె. "ఎనిమిదే మిగిలాయన్నమాట."

"ఒకదాన్ని ఇరిస్తే రెండైతదమ్మా. రెండూ బతుకుతయి. అది దాని గుణం. కని ఇప్పుడే ఇరువద్దు. మస్తు దూరం వచ్చినయి, జర తెప్పరిల్లాలె."

"వద్దు. ఇప్పుడేదీ విరవద్దు."

"ఇరువను."

అవతల ఆమె ఏడుస్తోందో, గాలి పీలుస్తోందో తెలియలేదు. పక్కన సూర్యప్రకాశరావు గొంతు, కూర్చోండమ్మా అంటోంది. ఆమె కూర్చున్నట్టు లేదు.

"ఆ ఎనిమిదీ ఎలా ఉన్నాయి?"

"మంచిగ..." అని ఆగాడు రామలింగం. ఫోన్ తీగ లాగినంత మేర లాగి, రిసీవరు చెవికి నొక్కుకుని, తొట్టి గాజు దగ్గరికి జరిగి వంగాడు.

"మొదటిది మూలకున్నదమ్మా. కొన మీద సన్న సన్న నోళ్లు తెరిచింది. సజ్జ గింజలంత ఉన్నయి. ఇంకా సగమే తెరిచింది. దాని పక్కది ముడుచుకునే ఉన్నది, రంగు మాత్రం మారలే. దాని పక్కది..."

"నెమ్మదిగా చెప్పు," అంది ఆమె. "లోపలి నుంచి వాళ్లు పిలిచేదాకా చెప్తూనే ఉండు."

రామలింగం నేల మీద చతికిలబడి, మొహం గాజుకు ఆనించి, మూడోదాని గురించి చెప్పడం మొదలుపెట్టాడు.